వస్తానని చెప్పని నాలుగేళ్ళు

సోమవారం పొద్దున ఆరున్నరకు నాగవేణి సంచి భుజాన వేసుకుని గడప దాటింది. ఉరవకొండ నుంచి అనంతపురం బస్సు ఆరూ యాభైకి. తోలేవాడు లేని బస్సు కాబట్టి అది ఎవరి కోసమూ అర నిమిషం ఆగదు. ఆమె కూతురు ముత్యాలు, ఐదేళ్ళ పిల్ల, వాకిట్లో పీట మీద కూర్చుని ఉగ్గాని తింటోంది.

"తలుపేసుకో పాపా," అంది నాగవేణి.

"ఊఁ," అంది ముత్యాలు, పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే.

ఇక శుక్రవారం దాకా తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకోరు. వేరే వీధిలో అయితే ఇలాంటప్పుడు "పోయొస్తా" అంటారు. ఒట్టిగా పోతున్నానని అనకూడదు, అశుభం. పోయి మళ్ళీ వస్తానని చెప్పి కదలాలి. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అది నేర్పితే వచ్చే మర్యాద కాదు, తల్లిపాలతో వచ్చేది. కాని ఇది విద్యాభృతి కాలనీ. ఇక్కడ ఆ మాట ఎవరూ అనరు. ఇక్కడ వీడ్కోలంటే "తలుపేసుకో". కొత్తగా వచ్చిన చుట్టాలు మొదట్లో నొచ్చుకునేవారు, తర్వాత వాళ్ళకూ అలవాటైపోయింది.

అదే సమయానికి కొళాయిలు బాగుచేసే కిష్టప్ప సైకిలు మీద వీధిలోకి వచ్చాడు. అతను ఈ కాలనీవాడు కాడు. నాగవేణి అక్క హంపమ్మ గుమ్మంలో నిలబడి ఉండటం చూసి బ్రేకు వెయ్యకుండానే కేక పెట్టాడు.

"ఏం హంపక్కా, మీ కొళాయి కారుతాందంట గదా! సాయంత్రం వస్తా, చూస్తా!"

"పోయిన నెల గూడా ఇదే చెప్పినావు గదప్పా."

"ఈసారి కచ్చితంగా వస్తా! రాకుంటే నా పేరు మార్చుకుంటా!"

మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. అతను రాడని హంపమ్మకు తెలుసు, నాగవేణికి తెలుసు, కిష్టప్పకు అందరికంటే బాగా తెలుసు. అయినా నాలుగు మాటలిచ్చి నాలుగూ గాలికొదిలేసి ఈలవేసుకుంటూ పోగలిగాడు. ఆ మనిషి గొంతు మీద ఏమీ లేదు. నాగవేణి అతని వెనకే కాసేపు చూసింది. అతని మీద ఆమెకు కోపం రాలేదు, అసూయ కలిగింది.

ఆమె గొంతు గుంటలో రూపాయి బిళ్ళంత కంఠముద్ర ఉంది. హంపమ్మ గొంతులోనూ ఉంది.

కంఠముద్రను తెచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. డిగ్రీ చదివే పేదపిల్లలకు ప్రభుత్వమిచ్చే సాయం ఒకప్పుడు ఎంత గజిబిజిగా ఉండేదో పాతవాళ్ళు ఇప్పటికీ కథలుగా చెబుతారు. ఆదాయం పత్రానికొక కిటికీ, నివాసం పత్రానికొక కిటికీ. ఏ కిటికీ దగ్గర నిలబడినా పక్క కిటికీకి పొమ్మనేవారు. ఇచ్చే సొమ్ము చదువు అయిపోయాక వచ్చేది, లేకపోతే అసలు లేని విద్యార్థుల పేర్ల మీద ఎవరి ఇంటికో వెళ్ళేది. విసిగిపోయి కొత్త చట్టం తెచ్చారు. పత్రాలొద్దు, కిటికీలొద్దు, మార్కుల గీతలొద్దు. మాట మీద నిలబడే మనిషైతే చాలు, రాష్ట్రం డిగ్రీ చదివిస్తుంది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు, పసిబిడ్డ ఉంటే పాలతో సహా. "నీ మాటే నీ అర్హత" అని విద్యాభృతి మండలి గోడలన్నిటి మీదా రాయించింది. చట్టం వచ్చిన రోజున ఊరూరా పిల్లలు రోడ్ల మీద ఎగిరారట.

మాట మీద నిలబడుతున్నారో లేదో చూడటానికి పుట్టింది కంఠముద్ర. మనిషి మాట్లాడేదంతా అది పట్టించుకోదు. జరగబోయే పనిని "నేను చేస్తాను" అని చెప్పే వాక్యం వినబడితే మాత్రం చెవి నిక్కిస్తుంది. చేస్తాను, ఇస్తాను, వస్తాను. ఆ వాక్యాన్ని మాటపట్టికలో రాసుకుంటుంది. గడువు చెబితే ఆ గడువుకు, చెప్పకపోతే మూడు రోజులకు, మాట నిలిచిందా లేదా అని చూస్తుంది. నిలిస్తే ఏమీ ఇవ్వదు, అది మనిషి ధర్మం కాబట్టి. తప్పితే నెరవేర్పు సూచీ మూడు మెట్లు దిగుతుంది. అందరికీ నూరుతో మొదలు. అరవైకి దిగువకు జారితే భృతి ఆగిపోతుంది, అప్పటిదాకా చదివిన చదువు చెల్లదు. ఒక్కరే అయితే బాధ్యత ఉండదని, ఇంట్లో ఇంకొకరిని జామీను పెట్టుకోమన్నారు. జామీనుదారుకూ ఒక ముద్ర, ఇద్దరికీ కలిపి ఒకటే సూచీ.

తెలుగుతో ఒక చిక్కు వచ్చిపడింది. "పాలు తాగుతాను" అంటే రోజూ తాగే అలవాటూ అవుతుంది, రేపు తాగబోవడమూ అవుతుంది. మన భాషకు రెండింటికీ ఒకటే రూపం. ఆ తేడా యంత్రానికి ఎంతకీ పట్టుబడలేదు. మండలివాళ్ళు వ్యాకరణ పండితులను పిలిపించి ఏడాది పాటు కూర్చోబెట్టి, కాఫీలు తాగించి, చివరికి రెండూ మాట కిందే లెక్క అని తేల్చారు. దాంతో భృతి తీసుకునే ఇళ్ళల్లో ఆ క్రియారూపమే మెల్లగా మాయమైంది. మాట ఇవ్వకపోతే తప్పే ప్రసక్తే లేదు గదా. ఈ చిన్న సంగతి మండలికి తట్టకపోవడం వింతే.

హంపమ్మ కుట్టుమిషను మీద రవికెలు కుట్టి బతికే మనిషి. భర్త పోయాక చెల్లెలినీ, చెల్లెలి కూతురినీ తన దగ్గరే పెట్టుకుంది. ముత్యాలు తండ్రి, పిల్ల పుట్టిన ఏడాదికే బళ్ళారిలో ఇంకో సంసారం చూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ నాగవేణిని డిగ్రీలో చేరమని పోరింది హంపమ్మే, జామీను ఉన్నదీ ఆమే. కాని ఆమె నోరు మంచిది కాదు. ముద్ర వేసిన మొదటి నెలలోనే మండలి సహాయ కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది.

"హంపమ్మగారూ, ఈ నెల మూడో తారీఖున ముత్యాలు అనే పాపకు మీరొక మాట ఇచ్చారు. అది నెరవేరలేదు."

"నేనేం మాటిచ్చినా సామీ?"

"'ఈసారి నీళ్ళల్లో ఆడినావంటే కాళ్ళిరగ్గొడతా' అన్నారు. పాప ఆడింది. మూడు రోజులైంది. కాళ్ళు బాగానే ఉన్నాయి."

"అయ్యో నీ ఇల్లు బంగారంగానూ! బిడ్డ కాళ్ళు ఇరగ్గొట్టమంటావా?"

"మేం అలా అనడం లేదమ్మా. మాట ఇవ్వకుండా ఉండమంటున్నాం."

ఆ నెల "తోలు తీస్తా"కు మూడు, "బావిలో తోసేస్తా"కు మూడు, "చంపి పాతరేస్తా"కు మూడు మెట్లు దిగాయి. నాగవేణి నవ్వాలో ఏడవాలో తెలియక హాస్టల్ మెట్ల మీద కూర్చుంది. తర్వాత హంపమ్మ పిల్లను తిట్టడం మానేసింది. ఏ తల్లీ ఏ పెద్దమ్మా నిజంగా చేయని పనుల పేర్లు చెప్పి పిల్లల్ని పెంచే జాతి మనది. ఆ ఆయుధం పోయేసరికి హంపమ్మ నోరు మూతపడి, ఇల్లు చిన్నబోయింది.

నాగవేణి మాత్రం ఒక్కటే తప్పు చేసింది. హాస్టల్‌కు మొదటిసారి బయల్దేరిన రోజు, ఏడాదిన్నర ముత్యాలు కొంగు పట్టుకుని గుక్కపెట్టి ఏడిస్తే, "రేపొస్తా బంగారూ, రేప్పొద్దున్నే వస్తా" అంది. రాలేకపోయింది, తరగతులు మొదలయ్యాయి. ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు ఫోన్‌లో అదే మాట అంది. తొమ్మిది మెట్లు. అప్పటి నుంచి నాలుగేళ్ళుగా కూతురికి "వస్తా" అనలేదు.

దానికి బదులు కాలనీలో అందరూ అనే మాటే అనేది. "రావల్లని ఉండాది." కోరిక చెప్పుకోవచ్చు, దాన్ని ముద్ర పట్టించుకోదు. రావాలని ఉంది, చేయాలని ఉంది, నిన్ను ఎత్తుకోవాలని ఉంది. ఆ కాలనీలో సాయంత్రాలు గోడలవతల నుంచి వినబడే మాటలన్నీ ఇవే. ఇంత చదువు చదివే మనుషులు, ఇన్ని కోరికలున్న మనుషులు, ఒక్కరు కూడా ఇంకొకరికి ఏదీ చేస్తానని చెప్పరు. నాగవేణికి రాత్రిళ్ళు హాస్టల్ గదిలో పెదాలు కదిలేవి. శబ్దం రాకుండా "వస్తా, వస్తా" అని చెప్పుకునేది. శబ్దం లేకపోతే ముద్ర ఒప్పుకునేది. డిగ్రీ పట్టా కోసం కూడా ఆమె అంత తపించలేదు. ఆ ఒక్క మాట నోరారా అని, అన్న ప్రకారం వచ్చి గుమ్మంలో నిలబడాలని ఆమె కోరిక. బిడ్డ పరిగెత్తుకుంటూ రావాలి, అంతే.

ఇద్దరి నోటా అడపాదడపా జారిన మాటలు కూడా పోగా, ఆ సోమవారం బయల్దేరేటప్పటికి ఉమ్మడి సూచీ అరవై ఒకటి. చివరి పరీక్షలకు వారం ఉంది. ఒక్క మాట జారితే నాలుగేళ్ళ చదువు నీళ్ళపాలు.

పరీక్షలు మొదలైన రెండో రోజు పొద్దున హంపమ్మ ఫోన్ చేసింది. తెర మీద ముత్యాలు కనబడింది, దుప్పటి కప్పుకుని, కళ్ళు ఎర్రగా.

"రాత్రి నుంచి జరమే. ఒళ్ళు కాలిపోతాంది. డాక్టరుకు చూపిచ్చినా, మందిచ్చినాడు," అంది హంపమ్మ.

పది గంటలకు భూగర్భజల శాస్త్రం పరీక్ష. ఇంకా గంట కూడా లేదు. ఒంటి గంటకు పరీక్ష అయిపోతుంది, రెండింటి బస్సెక్కితే మూడున్నరకు ఇంట్లో ఉండొచ్చు. అది చెబితే చాలు. నాగవేణి నోరు తెరిచింది. "పరీక్ష అయిపోతూనే..." అనేంతవరకు వచ్చింది. బస్సు చెడిపోతే? పరీక్ష ఆలస్యమైతే? గొంతు గుంటలో ముద్ర సన్నగా వెచ్చబడింది. వాక్యం ఎటు పోతుందా అని అది ఎదురుచూస్తున్నట్టుంది.

"...నాకు నీ దగ్గరికి రావల్లని ఉండాది పాపా," అని ముగించింది.

"ఊఁ. నాకు గూడా నీళ్ళు తాగల్లని ఉండాది," అంది ముత్యాలు, పెద్దమ్మ వైపు తిరిగి.

ఆ సాయంత్రం నాలుగు లోపలే నాగవేణి ఇంట్లో ఉంది. జ్వరం తగ్గి పిల్ల కాగితప్పడవలు చేసుకుంటోంది. తల్లిని చూసి నవ్వింది. ఎందుకు ముందే రాలేదని అడగలేదు. పొరుగింటి ఆమె వచ్చి చూసి, "ఎంత నిమ్మళమైన బిడ్డో సూడు, ఒక్కసారన్నా అమ్మా అని ఏడ్చలా," అని మెచ్చుకుంది. కాలనీ పిల్లలకు ఆ పేరుంది. వాళ్ళు మారాం చేయరు, వాకిట్లో నిలబడి దారి చూడరు. భృతి కుటుంబాల పిల్లల్లో ఓర్పు ఎక్కువని మండలి తన వార్షిక నివేదికలో ఒక పేజీ కేటాయించి మరీ రాసుకుంది. నాగవేణి కూడా తన బిడ్డ ఓర్పుకు గర్వపడేది, చాటుగా కుమిలిపోయేది. అంత చిన్న గుండెలో ఎంత దాచుకుంటోందో అనుకునేది.

పరీక్షలు గట్టెక్కాయి. ఫలితాలొచ్చిన గురువారం అనంతపురంలోని విరమణ కేంద్రానికి రమ్మన్నారు. అక్కడి అధికారి సుంకిరెడ్డి, నెరిసిన మీసాల మనిషి, ఆమె గొంతు మీద తడిగుడ్డ లాంటిదేదో అద్ది ముద్రను ఊడదీశాడు. ఉరవకొండలో హంపమ్మది కూడా అదే క్షణంలో ఊడి పడిపోతుందని చెప్పాడు.

"అయిపోయిందమ్మా. ఇంకేమైనా అనొచ్చు నువ్వు. చాలామంది ఈ కుర్చీలో కూచుని మొదటి మాట ఏమనాలో తెలీక బిక్కమొగమేస్తారు. నువ్వేమంటావు?"

"ఇక్కడ అనను సార్. ఇంటికి పోయి అంటా," అంది నాగవేణి. అన్నాక ఉలిక్కిపడింది. అంటా! అలవాటు కొద్దీ గొంతు తడుముకుంది. చర్మం నున్నగా ఉంది.

సుంకిరెడ్డి నవ్వాడు. "అనేసినావు గదమ్మా," అన్నాడు.

బస్సులో టికెట్ పెట్టె "ఎక్కడ దిగుతారు?" అని అడిగితే, మీట నొక్కడం మాని, "ఉరవకొండలో దిగుతా!" అని గట్టిగా చెప్పింది. పక్క సీటు ముసలాయనతో "మీ సంచి నేను పట్టుకుంటా" అంది, పట్టుకుంది. ముత్యాలుకు ఇవ్వబోయే మొదటి మాట ఏదైతే బాగుంటుందా అని దారి పొడవునా ఆలోచించి ఎంచుకుంది. ఊరికి దగ్గర్లోనే పెన్నహోబిలం ఉంది. వానలకు అక్కడ బండల మీదుగా నీళ్ళు దూకుతున్నాయని విన్నది. పిల్లకు నీళ్ళంటే ప్రాణం.

కాలనీలోకి అడుగుపెట్టేసరికి వీధి మధ్యలో హంపమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, కిష్టప్పను తిడుతోంది. "ఈ పొద్దు గూడా కొళాయి చూడకుంటే నీ సైకిలు బాయిలో ఏస్తా! నీ కాళ్ళిరగ్గొడతా! నీ తోలు తీసి చెప్పులు కుట్టిచ్చుకుంటా!" నాలుగేళ్ళ బాకీ అంతా ఒక్కసారి తీర్చుకుంటోంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. కిష్టప్ప బిత్తరపోయి రెంచి తీసుకుని లోపలికి నడిచాడు.

నాగవేణి వాకిట్లో కూర్చుని కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

"పాపా, రేపు నిన్ను పెన్నహోబిలం తీసుకపోతా."

ముత్యాలు ఆమె ముఖంలోకి చూసింది. "తీసుకపోవల్లని ఉండాదా?" అంది. తల్లి తప్పు మాట్లాడితే సరిదిద్దినట్టుగా అంది.

"ఉండాదని కాదు బంగారూ. తీసుకపోతా."

"రోజూనా?"

"రోజూ కాదు. రేపు."

ముత్యాలు ఆలోచించింది. కిష్టప్ప ఉన్న వైపు వేలు చూపిస్తూ, ఓపికగా చెప్పింది. "కిష్టప్ప మామ కొళాయిలు చేస్తా అంటాడు. రోజూ చేస్తాడు గదా, అందుకు. నువ్వు నన్ను తీసుకపోలేదు గదా. పోకుండానే పోతా అంటే ఎట్లమ్మా? అది అబద్ధం."

"అబద్ధం కాదు పాపా. ఇంగా కాలేదు, కాని అవుతుంది. నేను చెప్పినా గదా, అందుకని అవుతుంది. నువ్వు నిద్రలేచి చూస్తాంటావు, అమ్మ చెప్పింది అని..."

పిల్ల వింది. అర్థం కాలేదు. ఆ మాట ఆ పిల్ల చెవిన పడకపోలేదు. టీవీలో బొమ్మలు వస్తా, తెస్తా అనేవి, కాని ఆ బొమ్మలు ఏనాడూ వచ్చి ఏదీ తేలేదు. అంగన్‌వాడీ టీచర్లు కూడా భృతి మీద చదువుకునే అమ్మాయిలే. వాళ్ళు కథలన్నీ జరిగిపోయినవే చెప్పేవారు. తన ఒడిలోకి, తన చేతిలోకి వచ్చి పడిన ఏ సంగతికీ ముందు ఒక మాట ఉండటం ముత్యాలు ఎరగదు. అమ్మ కనబడితే ఉన్నట్టు, కనబడకపోతే లేనట్టు. వాన కూడా అంతే గదా.

"నాకు ఆడుకోవల్లని ఉండాది," అని ఒడిలోంచి దిగి వీధిలోకి పరిగెత్తింది.

నాగవేణి అక్కడే ఉండిపోయింది. నాలుగేళ్ళు ఆ పిల్ల తన కోసం దారి చూస్తూ, పైకి చెప్పుకోలేక, ఓర్చుకుంటోందని అనుకుంది. హాస్టల్ గదిలో ఆ ఊహే ఆమెకు తోడు. ఏడ్చినా ఆ ఊహ పెట్టుకునే ఏడ్చింది. ముత్యాలు అసలు ఎదురుచూడనే లేదు. ఫలానా పొద్దుకు వస్తానని ఒకరు చెబితే గదా, ఆ పొద్దు కోసం ఇంకొకరు చూసేది. తపించిందంతా తనొక్కతే. తన బిడ్డకు డిగ్రీ చదివిన తల్లి దొరికింది, 'రేపు' అనేది మాత్రం దొరకలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? మండలిలో దీనికి కిటికీ లేదు.

మరునాడు పెన్నహోబిలం తీసుకెళ్ళింది. ముత్యాలు నీళ్ళు చూసి కేరింతలు కొట్టింది. "నిన్న చెప్పినా గదా తీసుకపోతానని?" అని నాగవేణి ఆశగా అడిగితే, "ఊఁ" అని బండ మీద నత్తను చూపించింది. నిన్నటి మాటకూ ఈ నీళ్ళకూ పిల్ల ముడి వేయలేదు.

ఇక పట్టుబట్టి నేర్పడం మొదలుపెట్టింది. గుంతకల్లు నీటి కార్యాలయంలో ఉద్యోగం వచ్చింది, చేరడానికి ఇరవై రోజులుంది. రోజూ గుమ్మంలో కూతుర్ని కూర్చోబెట్టి, "నేను అంగడికి పోయి బెల్లం తెస్తా. చూడు," అనేది. పోయి, తెచ్చి, ముందు పెట్టేది. "తెస్తా అన్నా, తెచ్చినా." గది లోపలికి పోయి "ఇప్పుడు వస్తా" అని బయటికి వచ్చేది. హంపమ్మ మిషను ఆపి చూసి, "ఏం మే, పసిబిడ్డకు దోబూచులాట నేర్పిస్తాండావా ఐదేండ్లకు?" అంది. అని, చెల్లెలి ముఖం చూసి, తానూ లేచి వచ్చింది. "మే ముత్యాలూ, నేను నీకు పచ్చ రవిక కుడతా. సాయంత్రానికి కుడతా," అని, కుట్టింది. ముత్యాలుకు ఇదొక ఆటలా తోచింది. బెల్లం తినేది, రవిక తొడుక్కునేది, నవ్వేది. వారం దాటాక ఒకరోజు నాగవేణి అంగడి నుంచి వస్తే పిల్ల గడప మీద నుంచి లేచి నిలబడి ఉంది. ఎందుకు లేచిందో పిల్లకే తెలిసినట్టు లేదు. ఆ సంబరానికి ఆ రోజు నాగవేణికి అన్నం సహించలేదు.

ఉద్యోగంలో చేరిన మూడో రోజు పొద్దున, బస్సు వేళకు, ముత్యాలు ముందు గొంతుక్కూర్చుని చెప్పింది. "ఆఫీసుకు పోయొస్తా పాపా. వీధిలో దీపాలు వెలిగే పొద్దుకు వస్తా."

"దీపాలు వెలిగే పొద్దుకు," అని పిల్ల పాఠంలా అప్పజెప్పింది.

ఆ మధ్యాహ్నం ఒక్కపెట్టున వాన పడింది. సాయంత్రం బస్సు సగం దారిలో ఆగిపోయింది. వంక పొంగి రోడ్డు మీద పారుతోంది. తోలేవాడుంటే దిగి నీళ్ళలోకి చూసి, ఎవరినో అడిగి, దేవుడికి దండం పెట్టుకుని దాటించేవాడేమో. ఈ బస్సు నీళ్ళు తగ్గేదాకా కదలనని తెర మీద రాసి ఊరుకుంది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. కిటికీలోంచి దూరంగా ఏదో పల్లెలో దీపాలు వెలగడం నాగవేణి చూసింది. నాలుగేళ్ళు ముద్ర వేడెక్కుతుందని భయపడిన మనిషికి ఇప్పుడు గొంతులో ఏమీ లేకపోయినా గొంతు కాలుతోంది. పిల్ల గమనించదులే, పెద్దమ్మ పక్కన అన్నం తింటూ ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు ఆమెకు కొంచెం కూడా హాయినివ్వలేదు.

రెండు గంటలు ఆలస్యంగా ఉరవకొండలో దిగి, బురదలో పరుగులాంటి నడకతో కాలనీ మలుపు తిరిగింది.

మలుపులో దీపస్తంభం కింద ముత్యాలు నిలబడి ఉంది. పక్కన హంపమ్మ గొడుగు పట్టుకుని ఉంది. తల్లిని చూడగానే పిల్ల పరిగెత్తుకు రాలేదు. అక్కడే నిలబడి, రెండు పిడికిళ్ళు బిగించి, వీధంతా వినబడేలా అరిచింది.

"వస్తా అంటివి! దీపాలు వెలిగే పొద్దుకు వస్తా అంటివి! దీపాలు వెలిగె! నువ్వు రాల్యా!"

ఇక గుక్కపెట్టి ఏడుపు. ముక్కు కారిపోతోంది, ఒళ్ళంతా వణుకుతోంది.

"దీపాలు పడినప్పటి నుంచి ఈడ్నే మే," అంది హంపమ్మ. "ఇంట్లోకి రమ్మంటే రాదు. ఎత్తుకుంటే కరిసింది. ఇన్నేండ్లలో ఈ బిడ్డ ఇట్ల ఏడ్చంగా నేను చూళ్ళేదు."

నాగవేణి బురదలోనే మోకాళ్ళ మీద కూలబడి పిల్లను గుండెకు అదుముకుంది. సిగ్గేసింది. మాట తప్పింది, బిడ్డను ఏడిపించింది. ఆ సిగ్గు వెనకే పట్టరాని సంతోషం వచ్చింది, దానికి ఇంకా సిగ్గేసింది. తన కోసం ఒకరు రెండు గంటలు వానలో దారి చూశారు. నాలుగేళ్ళుగా తనలోనే ఉండిపోయినది ఇప్పుడు ఈ చిన్న ఒంట్లోకి కూడా వచ్చింది. ఇది మంచిదో చెడ్డదో ఆమెకు తెలియలేదు. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు.

ఏడుపు తగ్గాక ముత్యాలు ఆమె భుజం మీద నుంచి తల ఎత్తింది.

"రేపు గూడా పోతావా?"

"పోవల్ల గదా పాపా."

పిల్ల కొంగు గట్టిగా పట్టుకుంది. "వస్తావా?"

ఈ ప్రశ్న కోసమే నాగవేణి నాలుగేళ్ళు పెదాలు కదిపింది. కాని వంక మళ్ళీ పొంగొచ్చు. బస్సు మళ్ళీ ఆగొచ్చు. తప్పితే ముద్ర మూడు మెట్లతో సరిపెట్టుకునేది. ఈ పిల్ల ఎన్ని మెట్లు దిగుతుందో ఏ పట్టికలోనూ రాసి లేదు. "వాన పడకుంటే..." అని మొదలుపెట్టబోయి, ఆ కళ్ళు చూసి ఆపేసింది.

"వస్తా," అంది.

ముత్యాలు చేత్తో ముక్కు తుడుచుకుని, తల్లి ముఖాన్ని రెండు చేతులతో తన వైపు తిప్పుకుంది.

"ఎప్పుడు?"